పేరు పెట్టి పిలవడం

ఆమె పేరును నలుగురి ముందు నేను పలికింది ఒక్కసారే. అంతకుముందు మూడేళ్ళకు పైగా పలకలేదు, ఆ తర్వాత పలకడానికి నోరు రాలేదు. పలికిన ఆ ఒక్కసారీ ఆమెను వదిలించుకోవడానికే పలికాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. వయసు మళ్ళాక సిగ్గు కూడా పళ్ళలాగే ఒక్కొక్కటిగా ఊడిపోతుందనుకున్నాను గానీ, నాకు పళ్ళు మాత్రమే పోయాయి.

గురజాలకీ కారంపూడికీ మధ్య ఒక ఊళ్ళో, మిషను బడికి నన్ను టీచరుగా వేసినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. యాభైల నడిమి మాట. పుట్టింది నరసరావుపేట దగ్గర. మా నాన్న కూడా మిషను బడి పంతులే, సంఘంలో పెద్ద. ఇంట్లో నా పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా నాకు జ్వరం వచ్చేది. నటన కాదు, నిజంగానే ఒళ్ళు కాలిపోయేది. మూడు సంబంధాలు అట్లా జ్వరాల్లోనే పోయాయి. చివరికి మా అమ్మ విసుగెత్తి, దీన్ని ఏదో ఒక బడికి తోలండి, పెళ్ళికి పనికిరాకపోయినా పిల్లల్ని కొట్టడానికన్నా పనికొస్తుందంది. ఆ మాట నిజమే. నాకు కోపం ఎక్కువ, బెత్తం చేతిలో బాగా ఇమిడేది.

బడి ఊరవతల మా పేటలో ఉండేది. పేట అంటే అందరూ క్రైస్తవులే, పై ఊరి రైతుల పొలాల్లో పనికి పోయేవాళ్ళు. బండి తోలే ఒకాయన తల్లి తన ఇంటి పక్కనే ఉన్న రెండు గదులు నాకిచ్చింది. గోడలూ నాపరాళ్ళే, పైకప్పూ నాపరాళ్ళే. ఎండాకాలం లోపల కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టుండేది. ఆ ముసలామెను పేటంతా పెద్దమ్మ అనేది, నేనూ అట్లాగే అన్నాను. నోరు పెద్దది, మనసు దానికన్నా కొంచెం పెద్దది.

రెండు నెలలకు ఊళ్ళో పురుళ్ళాసుపత్రికి కొత్త నర్సమ్మ వచ్చింది. పెదకూరపాడు వైపు భూములున్న రైతుల పిల్ల. పద్దెనిమిదేళ్ళకే మొగుడు పోయాడు. పుట్టింట్లో ఒక మూల మూడేళ్ళు కూర్చుని, కూర్చోవడం చాతకాక, అన్నతో పోట్లాడి గుంటూరు పోయి పురుళ్ళ పని నేర్చుకుంది. పై ఊళ్ళో ఆమెకు ఇల్లు దొరకలేదు. మొగుడు లేని వయసు పిల్ల, పైగా అర్ధరాత్రీ అపరాత్రీ తిరిగే ఉద్యోగం, ఎవరిస్తారు? పెద్దమ్మ నా దగ్గరికొచ్చి, నీకొక గది చాలదా అని అడిగింది. చాలదని చెప్పేలోపే ఆమె ట్రంకుపెట్టె గుమ్మంలో ఉంది.

మొదట్లో ఎవరి పొయ్యి వాళ్ళదే. ఆమె కులం వాళ్ళు మా పేటలో మంచినీళ్ళు కూడా తాగరు. నేను అడగలేదు, ఆమె అనలేదు. ఒక వానరోజు ఎక్కడో కాన్పు చేసి, మోకాళ్ళ దాకా బురదతో వచ్చి, నా వంటింట్లోకి నేరుగా నడిచి, కుండలో అన్నం గోంగూరతో కలుపుకుని నిలబడే తింది. తిన్నాక, ఉప్పు తక్కువైంది అంది. ఆ సంగతి పది రోజుల్లో వాళ్ళ ఊరికి పోయింది. వాళ్ళన్న బండి కట్టుకుని వచ్చాడు. పేట మొదట్లోనే బండి ఆపి, కిందికి దిగకుండా, ఇక మా గడప తొక్కొద్దని చెప్పి ఎద్దుల్ని వెనక్కి తిప్పాడు. ఆమె లోపలికొచ్చి, కూర ఏం చేశావని అడిగింది. ఏడవలేదు. నా కోసం పుట్టిల్లు పోగొట్టుకున్న మనిషి ఆమె. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే నేను మర్చిపోయాను.

ఆ తర్వాత ఎప్పుడు, ఎట్లా అన్నది రాయను. అది మా ఇద్దరిది. రెండు గదుల్లో ఒకటి ఖాళీ అయింది, అందులో పెద్దమ్మ మిరపకాయల బస్తాలు పెట్టుకుంది. ఈ మధ్య పేపర్లలో ఇట్లాంటివాటికి ఇంగ్లీషులో పేర్లు రాస్తున్నారు. మంచిదే. మాకు అప్పుడు పేరు తెలియదు. పెళ్ళి మాటకు వచ్చే నా జ్వరం ఎందుకు వచ్చేదో మాత్రం ఆమె వచ్చాకే తెలిసింది. ఆమెను నేను ప్రేమించాను. భార్యాభర్తలు ఎట్లా ఉంటారో, పోట్లాటలతో సహా, అట్లాగే ఉన్నాం.

మా పేటలోనే కాదు, పై ఊళ్ళోనూ పెళ్ళయిన ఆడది మొగుడి పేరు నోటితో పలకదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని కొందరు, మర్యాద కాదని కొందరు. ఓటర్ల జాబితా రాసేవాళ్ళు వచ్చిన రోజు మా వీధికి పండగే. మొగుడి పేరేంది అంటే ప్రతి ఆడమనిషీ పక్కింటామె వైపు చూసేది. పక్కింటామె చెప్పేది. తర్వాత పక్కింటామె వంతు వస్తే ఈమె చెప్పేది. పై ఊళ్ళో ఒక రైతు పెళ్ళాం ఉండేది. ఆమె మొగుడిది కోటప్పకొండ సామి పేరు. ఆ మహాతల్లి ప్రతి శివరాత్రికీ ప్రభ వెంట నడిచి పోయేది గానీ కొండ పేరు మాత్రం ఎత్తేది కాదు. ‘మా ఇంటాయన కొండకి పోయొచ్చాం’ అనేది.

మేమిద్దరం పేర్లు ఎప్పుడు మానేశామో నాకు తెలియదు. మొదటి నెలల్లో పేరు చివర గారు తగిలించి పిలుచుకున్నాం. ముందు గారు పోయింది, వెనకే పేరూ పోయింది. ‘ఇదిగో’, ‘నిన్నే’, ‘వింటున్నావా’, ఇంతే. బయటివాళ్ళతో నేను మా నర్సమ్మ అనేదాన్ని, ఆమె మా పంతులమ్మ అనేది. అనుకుని చేసింది కాదు. అనుకుని ఉంటే భయపడి అప్పుడే మానుకునేదాన్ని.

నాలుగో ఏడు నాకు విషజ్వరం పట్టుకుంది. ఆమె చేయగలిగింది చేసి, లాభం లేదనుకుని, పెద్దమ్మ కొడుకు బండిలో నన్ను పడుకోబెట్టి టౌను ఆసుపత్రికి తీసుకుపోయింది. పెద్దమ్మ కూడా వచ్చింది. చీటీలు రాసే గుమాస్తా తలెత్తకుండా రోగి పేరడిగాడు. నేను బల్ల మీద పడి ఉన్నాను, అన్నీ వినపడుతున్నాయి. ఆమె నోరు తెరిచింది, మూసింది. రోజూ రిజిస్టరులో బాలింతల పేర్లూ వాళ్ళ మొగుళ్ళ పేర్లూ గదమాయించి అడిగి రాసుకునే మనిషి. గుమాస్తా ఈసారి తలెత్తి, పేరమ్మా, పేరు అన్నాడు. ఆమె పెద్దమ్మ వైపు తిరిగి, ‘నువ్వు చెప్పు పెద్దమ్మా’ అంది.

పెద్దమ్మ నా పేరు చెప్పింది. చెప్పి, ఆసుపత్రి అని కూడా చూడకుండా, చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఇరవై రోజులకు నేను లేచి ఇంటికి వచ్చేసరికి ఆ నవ్వు పేటంతా పాకింది. నీళ్ళకు పోతే ఆడవాళ్ళు ఆమెను ఆపేవాళ్ళు. ఏమే నర్సమ్మా, మీ ఇంటాయన బడి నుంచి వచ్చిందా? మీ ఇంటాయనకి వంకాయంటే పడదంట గదా? ఆమె తడుముకోకుండా జవాబు చెప్పేది. మా ఇంటాయనకి కోపమెక్కువ, వంకాయైనా సరే వణుక్కుంటా ఉడకాల్సిందే అనేది. వాళ్ళు పొట్టలు పట్టుకునేవాళ్ళు. నన్ను చూస్తే వాళ్ళు అనేవాళ్ళు కాదు, నా ముఖం అట్లాంటిది. కానీ నవ్వు ఆపుకుంటున్నారని నాకు తెలిసేది, ఒళ్ళు మండేది. చదువుకున్నదాన్ని, సంఘంలో పాటలు పాడేదాన్ని, నన్ను వీధిలో బొమ్మను చేశారని అనుకున్నాను.

ఇంట్లో ఆమె మీద విరుచుకుపడ్డాను. నువ్వు జవాబు చెప్పబట్టే వాళ్ళకు అలుసైంది అన్నాను. ఆమె చేట ముందేసుకుని బియ్యంలో రాళ్ళేరుతోంది.

‘నవ్వుతున్నారు గదా, నవ్వనీ’ అంది. ‘నవ్వేవాళ్ళతో భయం లేదు.’

నవ్వనివాళ్ళూ ఉన్నారని ఆ నెలలోనే తెలిసింది. ఆడవాళ్ళ మాట అరుగుల మీదికి, అక్కడినుంచి మగవాళ్ళ నోళ్ళలోకి పోయింది. ఆ నోళ్ళలో దాని రుచే మారిపోయింది. ఎవరో మా సంఘం పాస్టరు అయ్యగారికి సంతకం లేని అర్జీ రాశారు. అందులో ఏముందో ఆయన నాకు చదివి వినిపించలేదు, పెద్దమనిషి. మా ఇంటి అరుగు మీద కూర్చుని, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ, ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్దలు అడుగుతారమ్మా, సరైన జవాబు చెప్పు, లేకపోతే నేను పైకి రాయాల్సి వస్తుంది అన్నాడు. పైకి రాస్తే బడి పోతుంది. ఏ మిషను బడీ మళ్ళీ తీసుకోదు. ప్రభువు బల్లకు దూరం పెడతారు, అంటే సంఘం రొట్టె విరిచే రోజు నేను గోడ పక్కన కూర్చుని చూడాలి. నరసరావుపేటలో మా నాన్న చెవిన పడుతుంది. ఈ నాలుగూ నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఆమె ఆ లెక్కలో లేదు.

శనివారం ఆమె నా ఎదురుగా కూర్చుంది. నిజం చెప్పమనలేదు. అబద్ధం నీకు చాతకాదు కాబట్టి నోరు మూసుకుని నిలబడు, ఏం చేస్తారో చూద్దాం అంది. బడి పోతే పోనీ, నా ఉద్యోగం ఉంది, ఇద్దరం తినొచ్చు, ఇంకో ఊరు పోవచ్చు అంది. అన్నీ చెప్పి, లేచి నిలబడి, చివర ఒక్క మాట అంది.

‘వాళ్ళేమన్నా అననీ. నేను నీకేం కానని మాత్రం నువ్వు అనమాక.’

అననని చెప్పాను. చేతిలో చెయ్యేసి చెప్పాను.

ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ ఇళ్ళకు పోలేదు. సంఘపెద్దలు నలుగురు బెంచీ మీద, మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు చాపల మీద ఒక పక్క. ఆమె సంఘస్థురాలు కాదు కాబట్టి లోపలికి రాలేదు, వరండాలో కిటికీ పక్కన నిలబడింది. ఆమె చీర అంచు నాకు కనపడుతూనే ఉంది. పెద్దల్లో ఒకాయన అడిగాడు, ఆ మనిషి నీకేమవుతుందని. నేను మాట్లాడలేదు. ఇంకోసారి అడిగాడు. అప్పటికీ మాట్లాడలేదు. అక్కడిదాకా నేను మంచిదాన్నే.

అప్పుడు అయ్యగారి భార్య, మేము అమ్మగారు అనేవాళ్ళం, నాకు మేలు చేద్దామనుకుని నోరు విప్పింది. నిజంగా మేలుకే. ఆమె మీద నాకు ఇప్పటికీ కోపం రాదు.

‘పేటలో ఏమంటున్నారంటే, ఆమె నీ పేరు పలకదంట, నువ్వు ఆమె పేరు పలకవంట. ఒక్కసారి పేరు పెట్టి చెప్పమ్మా, సరిపోద్ది’ అంది.

చాపల మీద ఆడవాళ్ళందరూ ఒక్కసారి తలలెత్తారు. ఆ అడిగిందేమిటో మగవాళ్ళకన్నా వాళ్ళకు బాగా తెలుసు. మొగుడి పేరు పలకడానికి గొంతు ఎట్లా పట్టుకుంటుందో వాళ్ళలో ప్రతి ఒక్కతెకూ తెలుసు. పెద్దమ్మ నా ముఖంలోకే చూస్తోంది.

నేను పలికాను. బడిలో హాజరు పట్టీ పిలిచే గొంతుతో, ఇంటిపేరుతో సహా, అక్షరం మింగకుండా పలికాను. పలికి, ‘మా ఇంట్లో అద్దెకుండే మనిషి. నాకేం కాదు’ అన్నాను.

బెంచీ మీద ఒకాయన, పేరు పెట్టి చెప్పింది గదా, ఇంకేముంది అని పంచె దులుపుకుని లేచాడు. అయ్యగారు ప్రార్థన చేసి ముగించాడు. ఆమేన్ అన్నప్పుడు కిటికీలో చీర అంచు లేదు. తర్వాతి ఆదివారం బల్ల ఉంది. అందరితోపాటు నేనూ ముందుకు పోయి, రొట్టె ముక్క నోట్లో పెట్టుకున్నాను. గొంతులో అడ్డం పడుతుందనుకున్నాను. పడలేదు, మామూలుగానే దిగింది. అన్నిటికన్నా ఆ సంగతే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

పేరు పలికిన ఆదివారం ఇంటికి వస్తూ ఆమె తిడుతుందని అనుకున్నాను, కొడుతుందనీ అనుకున్నాను. రెండూ కావాలనుకున్నాను. ఆమె పొయ్యి దగ్గర ఉంది. వెనక్కి తిరగకుండా, ‘బాగా చెప్పావు, ఇంటిపేరుతో సహా’ అంది. అంతే. కాళ్ళ మీద పడ్డాను. కాళ్ళు వెనక్కి తీసుకుని, కూర మాడుతోంది, లే అంది. మూడు వారాలు మామూలుగానే వండింది, వడ్డించింది. ఖాళీ గదిలో మిరపకాయల బస్తాలు ఒక పక్కకు జరిపి అక్కడ పడుకుంది. ఆ ఘాటుకు పొద్దుటికి ఆమె కళ్ళు ఎర్రగా ఉండేవి. ఘాటుకే అని నాకు నేను చెప్పుకున్నాను.

అప్పుడు కృష్ణ మీద సాగరు డ్యాం కడుతున్నారు. వేలమంది కూలీలు, వాళ్ళకో ఆసుపత్రి. నర్సులు దొరకక అడిగినవాళ్ళనల్లా తీసుకుంటున్నారు. ఆమె అక్కడికి వేయించుకుంది. పెద్దమ్మ కొడుకు బండిలోనే స్టేషనుకు పోయింది. ఆ వేళప్పుడు నేను బడిలో పన్నెండో ఎక్కం చెప్పిస్తున్నాను. బండి బడి ముందు నుంచే పోయింది. నేను గుమ్మంలోకి కూడా పోలేదు. ఎక్కం రెండోసారి మొదటినుంచి చెప్పించాను.

సాయంత్రం పెద్దమ్మ వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది. నేను ముందే అందుకున్నాను. ఇదంతా మీ నవ్వుల వల్లే, మీరు వీధిలో ఎగతాళి చేయకపోతే మగవాళ్ళ దాకా పోయేది కాదు, మీ నోళ్ళు పడిపోను అన్నాను. ఆమె నన్ను చివరిదాకా అననిచ్చింది.

‘ఎగతాళి అనుకున్నావటే పంతులమ్మా?’ అంది. ‘పెళ్ళయొచ్చిన పిల్లను గాక ఇంకెవురినన్నా అంటామా అట్టాంటి మాటలు? మనది కానిదాన్ని ఎవురన్నా ఆటపట్టిస్తారా? కానిదాన్ని చూస్తే నోరు మూసుకుని పక్కకి పోతాం. మీ ఇద్దరిదీ ఒక ఇల్లని పేటలో ఆడోళ్ళమంతా ఏనాడో ఒప్పుకున్నాం. నువ్వొక్కదానివే ఒప్పుకోలా.’

చదువుకున్నదాన్ని, పద్యానికి అర్థం చెప్పేదాన్ని, నా వీధి నాతో ఏమంటోందో నాకు అర్థం కాలేదు. వాళ్ళకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో వాళ్ళు మమ్మల్ని కలుపుకున్నారు. నేను దాన్ని అవమానం అనుకున్నాను.

మర్నాటి నుంచి ఆడవాళ్ళు నన్ను టీచరుగారూ అన్నారు. నీళ్ళ దగ్గర నేను పోతే పక్కకు జరిగి ముందు నన్ను తోడుకోనిచ్చారు. ఒక్క పరాచికం లేదు. అంత మర్యాద పగవాళ్ళకు కూడా వద్దు.

ఏడేళ్ళు గడిచాయి. ఉత్తరం రాద్దామని ఎన్నిసార్లో కూర్చున్నాను. లోపలి మాటలు రాసేదాన్ని, క్షమించమని అడిగేదాన్ని, కవరు మీద పేరు రాయాల్సి వచ్చేసరికి కలం ఆగిపోయేది. ఆ పేరు నా చేతిలో చెడిపోయిందనిపించేది. కవర్లన్నీ పొయ్యిలోకి పోయాయి.

డ్యాం పని చివరికి వచ్చింది. జనం బస్సులు కట్టించుకుని చూడ్డానికి పోతున్నారు. పెద్దమ్మ కూడా పోయింది. డ్యాం ఎట్లా ఉందంటే, ఏముంది, గోడ అంది. తర్వాత, నర్సమ్మ కనపడింది అంది. చిక్కిపోయిందని, ఒక్కతే ఉంటోందని, తన గురించి ఏమీ చెప్పలేదని, కానీ విషజ్వరం తర్వాత పట్టుకున్న నా దగ్గు తగ్గిందా అని మాత్రం అడిగిందని చెప్పింది. పోయి కనపడు, చెప్పు దెబ్బలు తిన్నా సరే పోయి కనపడు అంది.

మాచర్ల పోయి అక్కడ బస్సు మారి పోయాను. రేకుల షెడ్డు ఆసుపత్రి. ఆమె చేతులు కడుక్కుంటూ బయటికి వచ్చి నన్ను చూసింది. జుట్టు ముందువైపు నెరిసింది. నేను తప్పు చేశానన్నాను. తెలుసు అంది. కూర్చో, లోపల కాన్పుంది అని వెళ్ళిపోయింది. నాలుగు గంటలు ఆ బల్ల మీద కూర్చున్నాను. లోపల ఎవరో ఆడపిల్ల అరుస్తోంది, ఆమె గొంతు ధైర్యం చెబుతోంది. ఆ గొంతు విని ఏడుస్తూ కూర్చున్నాను, పక్కనున్న కూలీ ఆడవాళ్ళు నా కూతురే లోపల ఉందనుకుని ఓదార్చారు.

బిడ్డ పుట్టాక వచ్చి నా పక్కన కూర్చుంది.

‘నువ్వొస్తే రానని చెప్పడానికి చానా మాటలు దాచిపెట్టుకున్నా. ఒకటీ గుర్తు రావట్లా’ అంది.

డ్యాం కూలీల క్యాంపు ఎత్తేశాక వస్తానంది.

తిరిగి వచ్చి అయ్యగారి దగ్గరికి పోయాను. ముసలివాడయ్యాడు. ఆ రోజు నేను చెప్పింది అబద్ధమని, ఆమె మళ్ళీ వస్తోందని, నాతోనే ఉంటుందని, బల్లకు దూరం పెట్టుకుంటారో ఏం చేస్తారో మీ ఇష్టమని చెప్పాను. బల్ల నాది కాదమ్మా, ప్రభువుది అన్నాడాయన. ఆ రోజు నేను అడగకుండా ఉండాల్సింది అని కూడా అన్నాడు. మెచ్చుకోకండి నన్ను. అప్పటికి బడి మిషను నుంచి పంచాయితీ సమితి చేతిలోకి పోయింది, నా ఉద్యోగం ఎవరూ తీయలేరు. మా నాన్న చనిపోయి రెండేళ్ళయింది. వాన వెలిశాక గొడుగు పట్టుకుని నిలబడ్డట్టు, భయపడాల్సిన పని పోయాక నిజం చెప్పాను.

ఆమె వచ్చిన రోజు పేట ఆడవాళ్ళు మా గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. కొత్త దంపతులు ఇంట్లోకి అడుగుపెట్టేటప్పుడు ఆడపడుచులు అడ్డం నిలబడి, ఒకరి పేరు ఒకరు చెబితే గానీ లోపలికి పోనివ్వరు గదా, అట్లా. మధ్యలో పెద్దమ్మ, చేతికర్ర గుమ్మానికి అడ్డం పెట్టి. పట్టపగలు, వీధిలో మగవాళ్ళు చూస్తుండగానే. ఏడేళ్ళ తర్వాత మా వీధి నాతో మళ్ళీ పరాచికమాడింది.

ముందు ఆమెను అడిగారు. ఎవరితో వచ్చావో పేరు చెప్పి లోపలికి పో అన్నారు. ఆమె సిగ్గుపడుతుందని, మెలికలు తిరుగుతుందని, పక్కవాళ్ళను చెప్పమంటుందని అందరూ చూస్తున్నారు. ఆమె నా పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, తడుముకోకుండా చెప్పింది. ఆడవాళ్ళ నవ్వు సగంలో ఆగింది. అట్టా గబుక్కున చెప్పేస్తే ఎట్టా అని ఎవరో గొణిగారు.

తర్వాత నా వంతు. నేను నోరు తెరిచాను. పేరు నాలుక చివరే ఉంది. ఒకసారి దాన్ని ఎందుకు వాడానో గుర్తొచ్చి అక్కడే ఆగిపోయింది. మూడుసార్లు అడిగారు. నేను చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. అది సిగ్గనుకుని వాళ్ళు సంబరపడ్డారు. పెద్దమ్మ మాత్రం అనుకోలేదు.

‘దీనికి ఇప్పుడొచ్చింది బుద్ధి. దారియ్యండే’ అని కర్ర తీసింది.

ఆ తర్వాత మాకు లోటేమీ లేదు. పిలుపులొస్తే ఇద్దరికీ కలిపే వచ్చేవి. ఆమె చేతి మీద పుట్టిన పిల్లలందరూ ఆమెను అమ్మమ్మ అని, నన్ను కూడా అమ్మమ్మ అనే పిలిచారు. ఒకే గదిలో ఉన్నాం. నాకు దగ్గొస్తే మిరియాల కషాయం ముక్కు మూసి తాగించేది. ప్రేమ లేదని ఎవరూ అనలేరు, నేనూ అనలేను. కానీ ఆమె నన్ను పేరు పెట్టి పిలిచేది. ఇంట్లో, వీధిలో, నీళ్ళ దగ్గరినుంచి, నలుగురిలో, మామూలుగా, అందరూ అందరినీ పిలిచినట్టు. ఇదిగో లేదు, నిన్నే లేదు, మా పంతులమ్మ లేదు. విన్నవాళ్ళకు అందులో ఏమీ లేదు. నాకు మాత్రం పిలిచిన ప్రతిసారీ ఏదో ఒకటి తగిలేది.

ఏడాది ఓర్చుకుని, ఒక మధ్యాహ్నం అడిగేశాను. ఆమె పప్పుకు పోపు వేస్తోంది. అట్టా పేరు పెట్టి పిలవమాకే, నీకు దణ్ణం పెడతా అన్నాను.

ఆమె నా వైపు చూసింది. ముఖంలో కోపం లేదు, ఎత్తిపొడుపు కూడా లేదు.

‘నువ్వే నేర్పావు గదా’ అంది.

పోపు పప్పులో వేసి, రెండు కంచాలు పెట్టి, నా పేరు పిలిచి అన్నానికి రమ్మంది.